అంకె తగ్గితే గండం గడిచినట్టేనా?

పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి పైకడుపులో నొప్పి మొదలవుతుంది. గ్యాస్ అనుకుంటారు. వాము నమిలి, సోడా తాగి, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల వేసుకుని పడుకుంటారు. నొప్పి తగ్గదు సరికదా వీపులోకి పొడుచుకుపోతుంది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం, వెల్లకిలా పడుకుంటే భరించలేరు. ఆపైన వాంతులు. తెల్లారి నర్సింగ్ హోమ్‌కి తీసుకెళితే రక్తపరీక్ష చేసి ‘ఎమైలేజ్ 1200 ఉంది, పాంక్రియాటైటిస్’ అంటారు. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదికీ ఆ అంకే లోకం. మర్నాటికి 600 అయితే ఊపిరి పీల్చుకుంటారు. మూడోనాటికి 150కి దిగితే గండం గడిచిందంటూ చుట్టాలందరికీ ఫోన్లు వెళతాయి.

చాలా కుటుంబాలు పప్పులో కాలేసేది ఇక్కడే. ఎమైలేజ్ అనేది వచ్చిన జబ్బు ఏమిటో చెబుతుంది. ఆ జబ్బు ఎంత తీవ్రంగా మారబోతోందో మాత్రం చెప్పదు. 3000 ఉన్న మనిషి నాలుగో రోజున ఇడ్లీ తిని ఇంటికెళ్లొచ్చు. 400 ఉన్న మనిషి అదే రోజున వెంటిలేటర్ మీదికి చేరొచ్చు. తీవ్రతను పసిగట్టే అంకెలు వేరే ఉన్నాయి. విచిత్రమేమిటంటే వాటిలో చాలావరకు అదే రిపోర్టులో, ఎవరూ పట్టించుకోని వరసల్లో ఉంటాయి.

ముందు జబ్బు సంగతి చూద్దాం. పాంక్రియాస్‌ను తెలుగులో క్లోమం అంటారు. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి. పొడవు 15 సెంటీమీటర్లు. ఇన్సులిన్ తయారుచేసేది ఇదేనని అందరికీ తెలుసు. దీనికి మరో పెద్ద ఉద్యోగం కూడా ఉంది. మాంసకృత్తుల్నీ కొవ్వుల్నీ పిండిపదార్థాల్నీ కరిగించే ఎంజైములను తయారుచేసి చిన్నపేగులోకి పంపడం. మాంసాన్ని కరిగించే ఎంజైము తనను తయారుచేసిన గ్రంథిని మాత్రం ఎందుకు కరిగించదు? ఎందుకంటే క్లోమంలో ఉన్నంతసేపూ అది ఒరలో కత్తిలా ఉంటుంది. చిన్నపేగులో అడుగుపెట్టాకే ఒర ఊడుతుంది. పిత్తాశయంలోంచి జారిన రాయి దారికి అడ్డుపడటం వల్లో, మద్యం వల్లో ఆ కత్తి లోపలే ఒర దూస్తే క్లోమం తనను తానే జీర్ణం చేసుకోవడం మొదలెడుతుంది. ఈ మాటను 1896లోనే ప్రేగ్ నగరంలో హాన్స్ కియారీ అనే వైద్యుడు చెప్పాడు. ఎక్కువ కేసులకు కారణం రాళ్లూ, మద్యమే. ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటడం, రక్తంలో కాల్షియం పెరగడం, కొన్ని రకాల మందులు, గవదబిళ్లల వంటి ఇన్ఫెక్షన్లు తర్వాతి వరసలో వస్తాయి.

నూటికి 80 మందిలో ఈ జబ్బు వారం తిరక్కుండానే సర్దుకుంటుంది. సెలైను, నొప్పికి మందు, కాస్త ఓపిక... అంతే. మిగతా 20 మంది సంగతే వేరు. వాళ్లలో మంట క్లోమంతో ఆగదు. రక్తంలో కలిసి ఒళ్లంతా పాకుతుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, గుండె... ఏదైనా మొరాయించవచ్చు. అలా మొరాయించిన అవయవం 48 గంటలు దాటినా కోలుకోకపోతే దాన్ని ‘తీవ్రమైన’ పాంక్రియాటైటిస్‌గా లెక్కవేయాలని 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ చెబుతోంది. ఆ దశకు చేరిన ముగ్గురు నలుగురిలో ఒకరు దక్కరు.

చిక్కేమిటంటే మొదటిరోజు ఈ 80 మందీ ఆ 20 మందీ ఒకేలా కనిపిస్తారు. అదే నొప్పి, అవే వాంతులు. మొదటిరోజు తీసిన సీటీ స్కాన్ కూడా చాలాసార్లు అసలు నష్టాన్ని చూపించదు. క్లోమంలో ఏ భాగం చచ్చిపోయిందో స్పష్టంగా తెలియడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోగానే తేల్చుకోవాల్సిన సంగతులుంటాయి. రోగిని ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లోనే ఉంచాలా? ఐసీయూ, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి తరలించాలా? తరలిస్తే ఎప్పుడు? ఊపిరి అందని స్థితిలో అంబులెన్స్ ఎక్కించడం వేరు, మాట్లాడుతూ ఉన్న మనిషిని ఎక్కించడం వేరు.

ఎమైలేజ్ ఎందుకు చెప్పలేదు?

ఎమైలేజ్ పరీక్షకు చాలా పెద్ద వయసే ఉంది. 1929లో అమెరికాలో రాబర్ట్ ఎల్మన్, ఆయన సహచరులు రక్తంలో ఎమైలేజ్ పెరగడానికీ ఈ జబ్బుకూ ఉన్న లంకెను చూపించారు. అంతకుముందు పొట్ట కోసి చూస్తేనో, మరణించాకో తప్ప జబ్బు బయటపడేది కాదు. కాబట్టి ఆ పరీక్ష గొప్పతనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఇప్పటికీ డాక్టర్లు మూడు విషయాలు చూస్తారు. జబ్బుకు తగ్గ నొప్పి, మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు మించిన ఎమైలేజ్ లేదా లైపేజ్, స్కానింగులో క్లోమం వాపు. మూడింట రెండు ఉంటే పాంక్రియాటైటిస్ అని నిర్ధారిస్తారు.

అయితే ఈ ఎంజైము క్లోమంలోంచి రక్తంలోకి ఎంత కారిందన్నదే ఆ అంకెకు అర్థం. కారడం ఆగాక మూత్రపిండాలు, ఇతర మార్గాలు దాన్ని ఖాళీ చేసేస్తాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో అంకె మామూలు స్థాయికి వచ్చేస్తుంది. లోపల మంట ఆరినా వస్తుంది, ఆరకపోయినా వస్తుంది. గ్రంథిలో చాలాభాగం చచ్చిపోయినా వస్తుంది. గ్యాస్ నొప్పి అనుకుని మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయి వచ్చినవారిలో మొదటి పరీక్షలోనే ఎమైలేజ్ మామూలుగా కనిపించే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి తాగేవారిలో క్లోమం ఇప్పటికే పాడై ఉంటుంది కనుక పెరగాల్సినంత పెరగదు. ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా ఉండి రక్తరసం పాలలా తెల్లగా ఉన్నవారిలో పరీక్షే తప్పుదారి పడుతుంది. అందుకే ఈమధ్య డాక్టర్లు లైపేజ్‌కే మొగ్గుచూపుతున్నారు. అది ఎనిమిది నుంచి పధ్నాలుగు రోజుల దాకా రక్తంలో నిలుస్తుంది. జబ్బును పట్టుకోవడంలో లైపేజ్ మెరుగే. తీవ్రత చెప్పమంటే మాత్రం అదీ నోరు మెదపదు. జబ్బు నిర్ధారణ అయ్యాక ఈ రెండింటినీ రోజూ చేయించడం డబ్బు దండగ తప్ప మరేమీ కాదు.

పులుసు ఇగిరినట్టు...

మరి ఏది చెబుతుంది? అన్నిటికన్నా ముందు సీబీపీ రిపోర్టులో పీసీవీ అని ఉండే వరస. దీన్నే హెమటోక్రిట్ అంటారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో నూటికి లెక్కగట్టి చెప్పే అంకె. క్లోమంలో మంట పెరిగితే ఒళ్లంతా సన్నని రక్తనాళాలు కారడం మొదలవుతుంది. రక్తంలోని నీరు పొట్టలోకీ కణజాలంలోకీ ఇంకిపోతుంది. పొయ్యి మీద పులుసు ఇగిరి చిక్కబడినట్టు రక్తం చిక్కబడుతుంది. ఎర్రకణాలు పెరగవు, వాటి వాటా పెరుగుతుంది. చేరేసరికి పీసీవీ 44 దాటి ఉండి, సెలైన్ ఎక్కించినా 24 గంటల్లో దిగిరాకపోతే క్లోమంలో కొంతభాగం చచ్చిపోయే ప్రమాదం ఎక్కువని 1990ల చివర్లో వచ్చిన అధ్యయనాలు తేల్చాయి. చిక్కని రక్తం ఆ సన్నని నాళాల్లో సరిగా పారదు. దెబ్బతిన్న గ్రంథికి ఆక్సిజన్ మరింత కరవవుతుంది.

ఇక్కడో చిన్న హెచ్చరిక. 44 అన్న ఆ గీత పాశ్చాత్య దేశాల రోగుల్ని చూసి గీసింది. మన దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మామూలు రోజుల్లోనే పీసీవీ 31 ఉండే గృహిణికి ఇవాళ 38 ఉందంటే, రిపోర్టులో అది ‘నార్మల్’ గీత లోపలే కనిపించవచ్చు. నిజానికి ఆమె రక్తం బాగా చిక్కబడినట్టే. పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఆ సంగతి అందదు. ఒంటరి అంకె కన్నా అంకె కదలికకే ఎక్కువ విలువ అన్న మాట ఈ జబ్బులో ఇంత బాగా మరెక్కడా కనిపించదేమో.

రెండోది బ్లడ్ యూరియా. మూత్రపిండాలకు రక్తం తగ్గుతోందంటే ముందుగా పెరిగేది ఇదే. విదేశీ పుస్తకాల్లో, లెక్కల్లో యూరియాను బీయూఎన్ అని, అంటే అందులోని నైట్రోజన్‌ను మాత్రమే కొలిచి చెబుతారు. మన ల్యాబుల్లో చాలాచోట్ల నేరుగా యూరియానే ఇస్తారు. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. బీయూఎన్ 25 దాటడం ప్రమాద సూచిక అంటే, మన రిపోర్టుల్లో అది దాదాపు 54 దాటడమన్నమాట. ఇంటర్నెట్‌లో చూసి రిపోర్టుతో పోల్చుకునేవాళ్లు ఈ తేడా తెలియక ఊరికే బెంబేలెత్తిపోతుంటారు. మొదటిరోజు ఎంత ఉందన్నదాంతో పాటు రెండోరోజు పెరిగిందా తగ్గిందా అన్నదీ చూడాలి. సెలైన్ ఎక్కిస్తున్నా యూరియా పెరుగుతూనే ఉంటే మంచి సూచన కాదు. దాని వెంట క్రియాటినిన్ కూడా ఎక్కుతుంటే ఇంకా చెడ్డది.

సీఆర్‌పీ గురించి కరోనా పుణ్యమా అని 2020, 2021ల్లో తెలుగునాట తెలియని ఇల్లు లేదు. న్యుమోనియా రోగుల రక్తంలో ఇదొకటుందని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట రేగినా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. పాంక్రియాటైటిస్‌లో తీవ్రతను అంచనా వేయడానికి ఎక్కువ వాడుకలో ఉన్నది, చవకైనది ఇదే. లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్తపడాలి. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి, అక్కడ 15 అన్నా ఇదే. అయితే సీఆర్‌పీ నిదానస్తురాలు. కాలేయానికి కబురందాలి, అది తయారుచేయాలి. నొప్పి మొదలైన 48 గంటలకు గానీ ఆ అంకెకు పూర్తి అర్థం రాదు. మొదటిరోజు 20 ఉందని సంబరపడటం తొందరపాటు. పైగా పైత్యనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, న్యుమోనియా ఉన్నా ఇది పెరుగుతుంది. కాలేయానికి ఆ కబురు మోసుకెళ్లే ఇంటర్‌ల్యూకిన్-6 ఒకరోజు ముందే పెరుగుతుంది గానీ, ఆ పరీక్ష ఖరీదూ ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు.

అన్నీ కలిపి లెక్కేస్తే?

ఒక్క పరీక్షతో కాదు, కొన్నిటిని కలిపి మార్కులు వేస్తే బాగుంటుందన్న ఆలోచనను గట్టిగా నిలబెట్టినవాడు న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్. 1974లో ఆయన 11 సూచికల పట్టిక ఇచ్చాడు. అయిదు ఆసుపత్రికి రాగానే చూసేవి, ఆరు 48 గంటల్లోగా చూసేవి. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తీవ్రమైనట్టే. వయసు 55 దాటడం, తెల్లకణాలు 16 వేలు దాటడం, షుగరు 200 దాటడం వంటివి మొదటి జాబితాలో ఉంటాయి. రెండో జాబితాలో కాల్షియం 8 కన్నా పడిపోవడం ఒకటి. అది ఎందుకు పడిపోతుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. క్లోమం నుంచి బయటపడ్డ లైపేజ్ చుట్టుపక్కల కొవ్వును కరిగిస్తుంది. అలా విడుదలైన కొవ్వు ఆమ్లాలు రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుని గడ్డకడతాయి. రసాయనశాస్త్రం ప్రకారం అది అచ్చంగా సబ్బు. సర్జన్లు పొట్ట తెరిచినప్పుడు సుద్దముక్కల్లా కనిపించేవి అవే. రక్తంలో కాల్షియం తగ్గిందంటే లోపల కొవ్వు అంతగా కరిగిందని అర్థం.

రాన్సన్ పట్టిక అర్ధశతాబ్దం పాటు వైద్య విద్యార్థుల చేత బట్టీ పట్టించుకుంది. దాని లోపమల్లా రెండురోజులు ఆగాల్సిరావడం. రోగి పరిస్థితి రెండురోజులు ఆగదు కదా! అందుకే 2008లో అమెరికాలో వేల మంది రోగుల వివరాలు తిరగేసి అయిదే అయిదు అంశాలతో ‘బైసాప్’ అనే లెక్క తయారుచేశారు. బీయూఎన్ 25 దాటడం, మనిషి మగతగా ఉండటం లేదా తికమకపడటం, వయసు 60 దాటడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. అయిదోది ఒళ్లంతా మంట రేగిన లక్షణాలు. జ్వరం, నాడి 90 దాటడం, నిమిషానికి 20కి మించి ఊపిరి తీయడం, తెల్లకణాల తేడా... వీటిలో కనీసం రెండు ఉంటే అది లెక్కలోకొస్తుంది. ఆ అధ్యయనంలో అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు ఒక్కశాతం లోపే. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినవారిలో 20 శాతం పైన.

మరుసటి ఏడాది జర్మనీ వైద్యులు తిరగేసి ఆలోచించారు. ఎవరికి ప్రమాదమో కాదు, ఎవరికి ప్రమాదం లేదో ముందే చెప్పగలమా అని. పొట్ట నొక్కి వదిలితే బిగుసుకుపోకుండా ఉండటం, పీసీవీ పెరగకపోవడం, క్రియాటినిన్ పెరగకపోవడం... ఈ మూడూ ఉంటే జబ్బు తేలిగ్గా పోతుందని వాళ్ల అంచనా. అలా అంచనా వేసిన 204 మందిలో 200 మందికి నిజంగానే తేలిగ్గా పోయింది. పెద్ద యంత్రాలేవీ లేని చిన్న ఆసుపత్రిలో కూడా అరగంటలో తేల్చగల సంగతి ఇది. దీనికి రావాల్సినంత పేరు రాలేదనే చెప్పాలి.

ఇన్ని ఉన్నా పక్కాగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. 2012లో అమెరికా వైద్యులు తొమ్మిది రకాల మార్కుల పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చితే అన్నీ అంతంతమాత్రంగానే నిలిచాయి. కొత్త సూచికల వేట సాగుతూనే ఉంది. సీబీపీలోనే ఉండే న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. పైసా అదనపు ఖర్చు లేదు కనుక చూసుకోవడంలో తప్పులేదు. ప్రొకాల్సిటోనిన్ దారి వేరు. అది ముఖ్యంగా ఇన్ఫెక్షన్ చేరిందా లేదా అన్నది చెప్పడానికి పనికొస్తుంది. పాంక్రియాటైటిస్‌లో మొదట్లో వచ్చే జ్వరం చాలావరకు సూక్ష్మక్రిముల వల్ల కాదు, మంట వల్ల. ఆ సంగతి తేల్చుకోలేక ఖరీదైన యాంటీబయాటిక్స్ ఎక్కిస్తుంటారు. ప్రొకాల్సిటోనిన్ చూసి నిర్ణయిస్తే రోగికి ఏ నష్టమూ లేకుండానే వాటి వాడకం తగ్గుతుందని 2022లో మాంచెస్టర్ వైద్యుల పరిశోధన చూపించింది.

సెలైన్ విషయంలోనూ అదే ఏడాది ఓ పాత అలవాటు కదిలింది. రక్తం చిక్కబడుతుంది కాబట్టి వీలైనంత వేగంగా, వీలైనంత ఎక్కువగా ఎక్కించాలని అంతకుముందు అనుకునేవారు. స్పెయిన్, ఇటలీ, మెక్సికోలతో పాటు మన దేశంలోని ఆసుపత్రులూ పాల్గొన్న ‘వాటర్‌ఫాల్’ పరిశోధనలో ధారాళంగా ఎక్కించినవారిలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైపోయింది. ఆచితూచి ఎక్కించినవారిలో 6.3 శాతం మందికే. జబ్బు ముదరడంలో తేడా ఏమీ కనిపించలేదు. దాంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. పీసీవీ, యూరియాలను పన్నెండు గంటలకోసారి, రోజుకోసారి చూడటం వల్ల ఉపయోగం ఇదే. అవి దిగుతుంటే సీసా వేగం తగ్గిస్తారు. ‘పొద్దున్నే కదా రక్తం తీశారు, మళ్లీ ఎందుకు’ అని నర్సమ్మ మీద విసుక్కునేవాళ్లకు ఈ సంగతి తెలియదు పాపం.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. నొప్పి ఎన్నింటికి మొదలైందో డాక్టరుకు కచ్చితంగా చెప్పడం మొదటిది. ఆసుపత్రిలో చేరిన సమయం కాదు, నొప్పి పుట్టిన సమయం. సీఆర్‌పీ 48 గంటలు, ఎమైలేజ్ మూడు రోజులు... అన్నీ అక్కణ్నుంచే లెక్క. మద్యం సంగతి దాచకపోవడం రెండోది. భార్య ఎదురుగా చెప్పలేకపోతే డాక్టరుతో విడిగానైనా చెప్పాలి. ఆర్నెల్లదైనా, ఏడాదిదైనా పాత రక్తపరీక్ష కాగితం ఉంటే వెంట పట్టుకెళ్లాలి. ట్రైగ్లిజరైడ్ల పరీక్ష మొదటిరోజే అయిందో లేదో కనుక్కోవాలి. రెండురోజులు పస్తుంటే అవి వాటంతటవే పడిపోతాయి, అసలు కారణం చేజారిపోతుంది. ఇక రోజూ అడగాల్సిన ప్రశ్న ‘ఎమైలేజ్ ఎంతుంది’ అని కాదు. యూరియా, క్రియాటినిన్, పీసీవీ నిన్నటికన్నా ఎటు కదిలాయి? మూత్రం ఎంత వస్తోంది? ఆక్సిజన్ ఎంతుంది? ఈ మూడూ అడిగితే చాలు. రోగి ఆయాసపడుతున్నా, మాట తడబడుతున్నా, మూత్రం తగ్గినా ఏ రిపోర్టు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. అప్పుడు ఐసీయూ ఉన్నచోటికి తరలించే మాట ఎత్తాల్సిందే.

ఆకలేస్తోందని రోగి అడిగితే భయపడనక్కర్లేదు. క్లోమానికి విశ్రాంతి పేరుతో రోజుల తరబడి పస్తులుంచే పద్ధతి పాతబడింది. వాంతులు ఆగి, నొప్పి తగ్గుతుంటే డాక్టరు అనుమతితో తొందరగానే మెత్తని ఆహారం మొదలెడుతున్నారు.

రిపోర్టులో మరో వరస కూడా ఉంది. ఏఎల్‌టీ, ఎస్‌జీపీటీ అని రాసేది. మొదటి రెండురోజుల్లో అది 150 దాటి ఉంటే పిత్తాశయంలో రాయే కారణమన్న అనుమానం బలపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు కనిపించి, జబ్బు తేలిగ్గా తగ్గిపోయినవారు ‘ఇప్పుడే కదా లేచాం, ఆపరేషన్ సంక్రాంతి వెళ్లాక చూద్దాం’ అంటుంటారు. 2015లో నెదర్లాండ్స్‌లో ఇలాంటి 266 మంది మీద జరిగిన పరిశోధనలో నెలరోజులు ఆగి ఆపరేషన్ చేయించుకున్నవారిలో 17 శాతం మంది రాళ్ల బాధతో మళ్లీ ఆసుపత్రికి రావాల్సి వచ్చింది, లేదా ప్రాణాలు కోల్పోయారు. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లకముందే పిత్తాశయం తీయించుకున్నవారిలో అది 5 శాతమే.